కంటికి పరగడుపు

నా తమ్ముడు విమానాశ్రయంలో సామాన్ల ట్రాక్టరు నడిపేవాడు. విమానం పొట్టలోంచి దించిన పెట్టెలను బండ్లకు ఎత్తించుకొని, ఆ బండ్లను ఒకదాని వెనుక ఒకటి తగిలించుకొని లోపలికి లాక్కొచ్చే పని. విమానాల మధ్య బండి నడపాలంటే మామూలు లైసెన్సు చాలదు, వేరే పర్మిట్ కావాలి. అది కొత్తగా చేయించుకున్న ప్రతిసారీ రెండు కళ్ళూ పరీక్షలో నెగ్గాలి. అందుకే వాడి కుడికన్ను ఎర్రబడ్డప్పుడు మేం చూపు గురించి ఎంత భయపడ్డామో, ఆ పర్మిట్ గురించీ అంతే భయపడ్డాం.

నేను ఆరాంఘర్ నుంచి ఎయిర్‌పోర్ట్ ఉద్యోగులను చేరవేసే బస్సుకు డ్రైవర్ని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య దొరికే ఖాళీలో తోటి డ్రైవర్లు సీట్ల మీద నడుం వాల్చేవాళ్ళు. నేను శంషాబాద్ గ్రంథాలయానికి పోయేవాణ్ణి. పేపర్ల బల్ల దాటితే లోపల ఒక ఇనుప బీరువా ఉండేది. చనిపోయిన ఒక డాక్టరు ఇంటివాళ్ళు ఇచ్చేసిన పుస్తకాలు అందులో ఉండేవి. దాన్ని తెరవమని అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే. నిఘంటువు పక్కన పెట్టుకొని, ఒక్కో పేజీకి ఒక్కో పూట పట్టినా సరే, మూడు అరలు చదివాను. పుస్తకంలో దొరకనిది ఫోనులో వెతికేవాణ్ణి. నోటుబుక్కులు నింపాను. మా వీధిలో ఎవరికి రిపోర్టు వచ్చినా ముందు నా చేతికి వచ్చేది.

తమ్ముడి కన్ను ఎర్రబడితే అందరూ కండ్లకలక అన్నారు. నల్లద్దాలు పెట్టుకొని డ్యూటీకి పోయాడు. మూడో రోజు సాయంత్రం నా బస్సెక్కి డ్రైవర్ సీటు వెనకాల కూర్చొని కుడికన్ను మూసుకున్నాడు.

"లైట్లు సూదులు గుచ్చినట్టు గుచ్చుతున్నయ్ అన్నా."

"పుసి గిట్ల కడుతున్నదా?"

"లేదు. నొప్పే. లోపల్నుంచి."

అప్పుడు చెప్పాను, ఇది కలక కాదు, కంటి లోపలి పొర వాచింది అని. మర్నాడు సిటీలో కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ పరికరంలోంచి చూసి అదే మాట చెప్పింది. యువియైటిస్ అంది. ఆ పేరు ఆమె కంటే ముందే నా నోటుబుక్కులో ఉంది. చూపించాను.

"మీకు ముందే ఎలా తెలిసింది?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్న నాకు ఎంత చెరుపు చేసిందో ఆమెకు తెలియదు. ఇంటికి వచ్చేదాకా తమ్ముడి కన్ను గురించి కాదు, ఆ ప్రశ్న గురించే ఆలోచించాను.

చుక్కల మందు రాసింది, మాత్రలు రాసింది. రక్తం తీశారు. క్షయ ఉందేమో చూశారు, కీళ్ళ నొప్పులున్నాయా అని అడిగారు, ఛాతీ ఫోటో తీశారు. ఎందులోనూ ఏమీ లేదు. కన్ను మాత్రం మందుకు తేటపడింది. కారణం ఏమిటని అడిగితే, "తెలియదండీ. ఇలాంటి వాటిలో చాలాసార్లు కారణం దొరకదు. మందు మాత్రం మానకండి, మెల్లగా నేనే తగ్గిస్తాను" అంది. అంత చదువుకున్న మనిషి తెలియదు అనడం నాకు నచ్చలేదు. నేనైతే కనుక్కుంటాను అనుకున్నాను.

కనుక్కున్నాననే అనుకున్నాను కూడా. ఒంట్లోని రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని అణువులను వదులుతాయి. వాటిని సైటోకైన్లు అంటారు. కొన్ని 'రండి, ఇక్కడ శత్రువు ఉన్నాడు' అంటాయి. కొన్ని 'చాలు, ఇక ఆగండి' అంటాయి. శత్రువు లేకుండానే కంట్లో మొదటి రకం కబుర్లు ఎక్కువైతే వాపు వస్తుంది. కంటిలోని నీటి చుక్కలో వాటిని కొలవవచ్చు.

తమ్ముడికి చెబితే నవ్వాడు. "మా వాకీటాకీల లెక్కనే ఉందే. లేని ఫ్లైటుకు బండ్లు పంపమని ఒకడు ఒర్రుతడు, అందరం ఉరుకుతం."

"గంతే. ఒర్రుతున్నదెవరో దొరకాలె."

మరదలు వంటింట్లోంచి వింటోంది. ఆమె ప్రతి శుక్రవారం ఆ కన్ను కోసం ఉపవాస ప్రార్థన చేస్తోంది. పొద్దుటి నుంచి చర్చిలో సాయంత్రం ప్రార్థన ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు.

"నువ్వు తినకపోతే వాని కన్ను ఎట్ల నయమైతది?" అని అడిగాను.

"కడుపు ఖాళీగా ఉంటే మాట సాఫ్‌గ పోతది బావా, పైకి."

నవ్వాను. పుస్తకాలు చదివేవాడి నవ్వు అది. ఆమె మళ్ళీ పప్పు తాలింపులో పడింది.

రెండో నెలలో డాక్టరమ్మ ఒక పరిశోధన సంగతి చెప్పింది. కారణం తెలియని కంటి వాపుల్లో ఈ కబురు అణువులు ఎలా ఉంటాయో చూస్తున్నారు. మూడు వారాల తర్వాత సన్నని సూదితో కంటి నుంచి ఒక చుక్క తీస్తారు, ఇష్టమైతేనే. నాకు పండగలా అనిపించింది. ఒప్పుకోలు పత్రం ఇచ్చారు, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఇంగ్లిష్. నేను ఇంగ్లిష్ వైపు తిప్పాను. నర్సు చూస్తుండగా చదివాను. కొలవబోయే అణువుల పేర్లు వరుసగా ఉన్న చోట ఆగి, నాకు తెలిసిన వాటి కింద వేలు పెట్టి తమ్ముడికి చూపించాను. సాక్షిగా సంతకం నేనే పెట్టాను.

ఇగ అసలు సంగతి. మేం వాడుతున్న మందు పని ఆ కబుర్లను అణచడమే అని చదివాను. మందు వేసుకొని పోతే ఆ చుక్కలో ఏం దొరుకుతుంది? అణిగిపోయిన కన్ను దొరుకుతుంది. అసలు గొడవ దొరకదు. నా బుర్రకు ఇది ఎంతో తెలివైన మాటగా తోచింది.

"రక్తపరీక్షకు పరగడుపున పోతం గద," అన్నాను తమ్ముడితో. "తిని పోతే తప్పు చూపిస్తది. ఇది గూడ అంతే. చుక్కలూ మాత్రలూ ఆపు. కంటికి పరగడుపు ఉండాలె."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది రోజులు చాలు."

"మేడంను ఒక్కసారి అడుగుదమా?"

"అడిగితే వద్దంటది. వాళ్ళు రూల్ తప్పి చెప్పరు. కారణం దొరికితే మందే అక్కర్లేకుండ పోతది, పర్మిట్‌కు ఢోకా ఉండదు."

వాడు చుక్కల మందు సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "నువ్వు చదివినవ్ గద అన్నా," అని దాన్ని ఫ్రిజ్ మీద పెట్టేశాడు.

నాలుగో రోజు బస్సు దగ్గరికి వచ్చి కన్ను చూపించాడు. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు మళ్ళీ వచ్చింది. "మొదలైంది" అన్నాడు. నేనేమన్నానో నాకు బాగా గుర్తుంది. "మంచిదే. ఇప్పుడు మాట్లాడుతున్నయ్ అవి" అన్నాను. ఏడో రోజు వాడికి ముందున్న బండి అంచు వంకరగా కనిపించింది. అప్పుడైనా సీసా దించమనాలి. ఇంకా రెండు రోజులే కదా అన్నాను.

చుక్క తీసే రోజు డాక్టరమ్మ పరికరం ముందు చాలాసేపు ఉంది. తర్వాత కంటి వెనక పొర ఫోటో తీయించింది. తిరిగొచ్చి, "ఈ కన్ను ఇవాళ నేను ముట్టుకోను" అంది. చూపు పొర నడిమధ్యలో నీరు చేరింది. "మందులు వాడుతున్నారా?"

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను, ఒళ్ళో నోటుబుక్కుతో. తమ్ముడు నా వైపు చూడలేదు.

"మర్చిపోయిన మేడం. డ్యూటీల పడి."

"చుక్కలూ మాత్రలూ రెండూనా? ఎన్ని రోజులు?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు ఎవరైనా మర్చిపోతారా? ఎవరైనా ఆపమన్నారా?"

"లే మేడం. నాకే బుద్ధి లేక."

ఆమె అప్పుడు నా వైపు తిరిగి, "మీరు చదువుకున్నవారు, మీరైనా చూసుకోవాలి కదా" అంది. నేను తల ఊపాను.

బయట బల్ల మీద కూర్చొని ఆ ఒప్పుకోలు పత్రం తీసి ఈసారి తెలుగు వైపు చదివాను. మా వీధిలో ఐదో తరగతి పిల్లకైనా అర్థమయ్యే తెలుగు. డాక్టరు ఇచ్చిన మందులు మానకుండా వాడాలి. ఈ పరిశోధన ఫలితాలు ఒక్కొక్కరికి విడిగా చెప్పరు. ఇంగ్లిష్ వైపు కూడా అవే రెండు వాక్యాలు ఉన్నాయి, పేర్ల వరుసకు కాస్త పైన. కళ్ళు వాటి మీద నుంచే జారిపోయి ఉంటాయి. మాకు రాని రిపోర్టు కోసం నేను వాడి కన్నును పస్తు పెట్టాను.

ఆ తర్వాత పెద్ద మోతాదు మాత్రలు, కంట్లో ఇంజెక్షన్లు. ఎరుపు పోయింది, నొప్పి పోయింది. నడుమ మసక పోలేదు. ఎదుటి మనిషి వైపు ఆ కంటితో చూస్తే భుజాలు కనిపిస్తాయి, ముఖం ఉండదు. ఆపకపోయినా ఇలా అయ్యేదా అని ఒకసారి అడిగాను, ఎవరి గురించో అడిగినట్టు. "అయ్యేదో లేదో ఖచ్చితంగా చెప్పలేను" అంది డాక్టరమ్మ. ఈసారి ఆమె తెలియదన్న మాట నాకు నచ్చింది. చాలాకాలం ఆ మాటను పట్టుకొని నిద్రపోయాను. ఇప్పుడు అది కూడా పనిచేయడం లేదు.

పర్మిట్ మళ్ళీ ఇవ్వలేదు. వాడిప్పుడు పార్కింగ్ దగ్గర ప్రయాణికులు వదిలేసిన ట్రాలీలు పోగుచేస్తాడు. వాడి వెనుక ఇప్పటికీ బండ్ల వరుసే, కానీ చేత్తో తోయాలి. రోజూ నా బస్సులోనే వస్తాడు. ఒక్క మాట అనలేదు. పైగా మొన్న ఒక ముసలాయన్ని షుగర్ రిపోర్టుతో నా దగ్గరికి పంపాడు. "మా అన్న మస్తు చదివిండు, చూపించు" అన్నాడట. డాక్టరుకు చూపించుకోమని తిప్పి పంపితే, ఆ ముసలాయన నాకు పొగరనుకున్నాడు.

అంతా అక్కడితో ఆగితే నయమే. ఒక శుక్రవారం తమ్ముడి కోసమని వాళ్ళింటికి పోయాను. వాడు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. మరదలు ఒక్కతే ఉంది.

"బావా, నీకొకటి చెప్పాలె. ఆయనకు చెప్పలే."

"ఏంది?"

"ఆ తొమ్మిది రోజులల్ల ఒక శుక్రవారం పడ్డది. ఆ రోజు తల తిరిగి చాయ తాగిన. ఒక్క గ్లాసే. దాంతోనే కన్ను పోయిందేమో అని."

ఆమె ముఖం వైపు చూశాను. చెప్పాల్సింది ఏమిటో నాకు తెలుసు. తొమ్మిది రోజుల లెక్క నాది, సీసా ఫ్రిజ్ మీద పెట్టించింది నేను అని. నాలుగు మాటలు చాలు.

"అట్ల ఏం ఉండదు, ఊకె పరేషాన్ కాకు" అన్నాను.

"నీకు నమ్మకం లేదు గద, అట్లనే అంటవ్. ఇప్పుడు బుధవారం గూడ ఉపాసం ఉంటున్న." కొంగుతో చేతులు తుడుచుకొని లేచింది. "తిని పో. ఆయన వచ్చేసరికి పొద్దుపోతది."

పళ్ళెం పెట్టింది. జొన్నరొట్టె, వంకాయ కూర. తాను గోడకానుకొని కూర్చుంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఇంకో రొట్టె వేసుకోమంది. వేసుకున్నాను.