మంచులో గల్లంతు

మా వీధిలో ఎవరైనా మనాలీ వెళ్ళొచ్చారంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరుకుంటారా, ఫొటోల ఆల్బమ్ పట్టుకుని ఇంటికొచ్చేస్తారు. అద్దెకు తెచ్చుకున్న కోట్లు, నల్ల కళ్ళద్దాలు, మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు మంచు విసురుకోవడాలు. "మీరు మిలట్రీలో బోలెడు చూసుంటారు కదండీ, ఎంత బాగుంటుందో!" అంటారు. బాగుంటుంది, నా బొంద. మా ఆవిడ వాళ్ళ వెనక నిలబడి కళ్ళతో సైగ చేస్తుంది, నోరు పారేసుకోవద్దని. నేను కాఫీ తాగి ఊరుకుంటాను. ఆ తెల్లటి దాంట్లో ఒక మనిషి కోసం గోళ్ళు ఊడేదాకా తవ్వినవాణ్ణని వాళ్ళకేం తెలుసు పాపం.

ఆ మనిషిని నేను బావ అనేవాణ్ణి. నిజానికి మాకు ఏ చుట్టరికమూ లేదు. నాది గుణదల, అతనిది దివిసీమలో సముద్రం వైపు ఒక పల్లె. తొంభైల చివర్లో ఇద్దరం సైన్యంలో లారీ డ్రైవర్లం, కాశ్మీరు పైన కొండల్లోకి బియ్యం, కిరసనాయిలు మోసేవాళ్ళం. అక్కడ తెలుగు మాట చెవిన పడితే చాలు, చుట్టరికం దానంతటదే కలుస్తుంది. మొదటిరోజే నన్ను "ఏం బావా" అన్నాడు. నీకిచ్చి చెయ్యడానికి నాకు చెల్లెలు లేదురా అంటే, "నాకూ లేదులే, సరికి సరి" అని పళ్ళికిలించాడు. ఒకసారి ఇద్దరికీ సెలవు కలిసొస్తే వాళ్ళ ఊరు కూడా వెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను అల్లుడూ అంటూ పీతల పులుసు వండి పెట్టింది.

మలుపుల్లో, లోయ అంచుల్లో లారీ తోలుతూ పాటలు పాడేవాడు. భయమన్నది ఎరగడు. ఒక్క తాడంటేనే వాడికి ప్రాణం మీదికొచ్చేది. బెల్టు బిగించడు, డ్యూటీలో బిగించినా దిగగానే వదులు చేసుకుంటాడు. ట్రైనింగులో తాడు కట్టుకుని వాగు దాటమంటే దాటనని పనిష్మెంటు తిన్నాడు. ఆఖరికి మొలతాడు కూడా లేదు వాడికి. స్నానాల దగ్గర మేమంతా "మొలతాడు లేని మగాడేంట్రా!" అని ఏడిపించేవాళ్ళం. నవ్వేవాడు. కారణం మాత్రం నా ఒక్కడికే చెప్పాడు, లారీలో, గేరు మారుస్తూ, ఏదో ఊళ్ళో కబురు చెప్పినట్టు.

"డెబ్బై ఏడు ఉప్పెన రోజున మా నాన్న మమ్మల్ని ముగ్గుర్నీ మోకుతో తాటిచెట్టుకి కట్టేశాడు బావా. ఇద్దరక్కలు, నేను. గాలికి కొట్టుకుపోకుండా అట్టాగే కట్టేవోళ్ళు మా యైపు. తీరా నీళ్ళొచ్చేసరికి చెట్టే పడిపోయింది. మునిగిపోతా మునిగిపోతా మాయమ్మ ఒక్క ముడే ఇప్పగలిగింది. అది నాది."

తండ్రి మళ్ళీ కనపడలేదట. నీళ్ళు తీశాక వీణ్ణి తుమ్మకంపలో చూశారట, ఒళ్ళంతా ముళ్ళు, బతికే ఉన్నాడు. అక్కలిద్దరూ చెట్టుతోనే ఉన్నారు. "అప్పట్నించి మాయమ్మది ఒకటే మాట బావా. ఎవుడు కట్టినా ఇప్పుకోరా నాయనా, ఇప్పుకున్నోడే బతుకుతాడు అని." ఆ మాట అని మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. నాకేమో ఆ పూట అన్నం సహించలేదు.

ఆ ఏడాది సంక్రాంతి దాటాక మంచు పట్టుకుంది. మంచంటే మన ధనుర్మాసపు మంచు కాదు, చెరువు గట్టు మీద పొద్దెక్కగానే పోయేది. వానకి చప్పుడుంటుంది, గాలివాన అరుస్తుంది. ఇది చప్పుడు చెయ్యదు. మొదట మా ముందున్న లారీ తోక దీపం కనపడడం మానేసింది. తరవాత అద్దం తుడిచే పుల్లలు ఆగిపోయాయి. తెల్లారేసరికి తలుపు తెరుచుకోలేదు, కిటికీలోంచి పాక్కుంటూ బయటికొచ్చాం. మా కాన్వాయ్‌లో లారీలు ఎక్కడున్నాయో గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. గాలి మంచుని తోసుకొచ్చి కొండవైపు పోగులు పోస్తోంది, ఇంటెత్తు పోగులు. కాలు పెడితే నడుం దాకా దిగబడుతుంది, కాలు తీస్తే ఆ గుంట మన కళ్ళముందే పూడిపోతుంది. ఇంజన్లు గడ్డకట్టాయి. తిండి అయిపోవచ్చింది. అలా కూర్చుంటే లారీల్లోనే శవాలమైపోతాం.

మాకు పెద్ద, గఢ్వాల్ నుంచి వచ్చిన ముసలి సుబేదారు. కిందనున్న క్యాంపుకి నడిచిపోదాం అన్నాడు. పొడుగు తాడు తీసి అందర్నీ వరసగా నడుములకి కట్టడం మొదలుపెట్టాడు, ముడులన్నీ తనే వేసి, తనే లాగి చూశాడు. ఆఖర్న మా బావ, వాడి ముందు నేను. వాడి ముఖం పాలిపోయింది.

"బావా, నన్ను కట్టొద్దని చెప్పవా ఆయనకి. ఎనకమాల నడిచొస్తాగా."

"నోర్ముయ్. ఇదేమన్నా సముద్రమా?"

"ఏదైతే ఏందిరా. మునిగేది మునిగేదేగా."

చివరికి వాడే హిందీలో బతిమాలుకున్నాడు, సుబేదారు వినలేదు. వినడు కూడా, వినకూడదు కూడా. బిగించి రెండు ముడులు వేశాడు.

నడవడం అంటే నడవడం కాదు అది. ముందువాడు ఛాతీతో మంచుని తోస్తాడు, వెనకవాడు వాడి కాలి గుంటలో కాలు పెడతాడు. ఊపిరి పీలిస్తే ముక్కు లోపల మండుతుంది. కనురెప్పలు అతుక్కుపోతున్నాయి. ఒక మలుపులో, ఎడంవైపు కొండ నిలువుగా ఉన్నచోట, నా నడుముకున్న తాడు వెనకనుంచి అదిరింది. వెనక్కి చూశాను. మా బావ ఆగిపోయాడు. ఒక చేతి గ్లవుజు తీసేశాడు. పళ్ళతో పట్టుకున్నాడు దాన్ని. ఉత్త వేళ్ళతో ముడి పీకుతున్నాడు.

"ఒరేయ్! తియ్యమాకురా! చచ్చిపోతావురా!"

"ఊపిరాడట్లేదు బావా. ఒక్క నిమిషం. వదులు చేసుకుంటన్నా అంతే."

సుబేదార్ సాబ్ అని గొంతు చించుకుని అరిచాను. ముందువాళ్ళు ఆగారో లేదో నాకు తెలియదు. పైన ఎక్కడో దుప్పటి చింపినట్టు ఒక చప్పుడైంది. కొండ మీది తెలుపంతా కదిలి మా మీదికొచ్చింది.

నాకు గుర్తున్నదల్లా నోటినిండా మంచు, నడుం తెగిపోతున్నట్టు తాడు. ఆ తాడే నన్ను బయటికి లాగింది. మంచు తగలని ముందువాళ్ళు కాళ్ళు తన్నిపెట్టి తాడు పట్టుకున్నారు, ఒకరి తరవాత ఒకర్ని లాగారు, నేను ఆఖరివాణ్ణి. నా వెనక తాడు కొస ఉత్తదే వచ్చింది. ముడి లేదు. కొంచెం వంకర తిరిగి ఉంది, ముడి వేసిన చోట.

తవ్వాం. పారలు రెండే ఉంటే మిగతావాళ్ళం అన్నం తినే డబ్బాలతో తవ్వాం. అవి వంగిపోతే చేతులతో తవ్వాం. కళ్ళంలో వడ్లరాశిని ఒక పక్క తీస్తే పైనుంచి గింజలు జారి మళ్ళీ నిండిపోతాయి చూడండి, అచ్చం అలాగే. ఎంత తోడినా జారి నిండిపోతుంది. ఇనప చువ్వ దింపి చూసేవాళ్ళం, మెత్తగా తగిలిందా గట్టిగా తగిలిందా అని. మెత్తగా తగిలిన ప్రతిసారీ అక్కడ పడి తోడేవాణ్ణి. ప్రతిసారీ ఇంకా మంచే. దేవుడా, ఒక్క చెయ్యి చూపించు, ఒక్క బూటు చూపించు అని ఏడుస్తూ తవ్వాను. "బావా" అని పిలుస్తూ తవ్వాను. లోపల మనిషి కొంతసేపు బతికే ఉంటాడని మాకు క్లాసుల్లో చెప్పారు. ఆ కొంతసేపు గడిచిపోతోందని అక్కడున్న అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మంచు మళ్ళీ మొదలైంది. సుబేదారు ఇక చాలన్నాడు. నేను ఆయన కోటు పట్టుకున్నాను. "వాడు లేకుండా కదిల్తే నిన్ను ఇక్కడే పాతేస్తాను ముసలోడా" అని తెలుగులో ఇంకా ఎన్నో అన్నాను, రాయదగినవి కావు. ఆయనకి భాష రాకపోయినా అర్థమైంది. కోటు విడిపించుకోలేదు. "వీళ్ళని దింపాలి. వీళ్ళకీ తల్లులున్నారు" అన్నాడు హిందీలో. ఇద్దరు నన్ను రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోయారు. మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉన్నాను.

చేతివేళ్ళకి కట్లతో నన్ను సెలవు మీద ఇంటికి పంపారు. బెజవాడలో రైలు దిగేసరికి గుణదల తిరునాళ్ళు, మైకులు, కొబ్బరికాయలు, కొండ మెట్ల నిండా జనం. మా అమ్మ నన్ను బట్టలన్నా మార్చుకోనివ్వకుండా మేరీమాత దగ్గరికి లాక్కెళ్ళింది. "నిన్ను దక్కించిందిరా, కొవ్వొత్తి వెలిగించు" అంది. "మరి వాడి సంగతేంటి?" అని కసిరాను, ఆ జనంలో, ఆ మాత ముందు. మా అమ్మే రెండు కొవ్వొత్తులు వెలిగించింది. ఫిబ్రవరి ఎండే అయినా చెమటలు పోస్తున్నాయి నాకు. ఆ ఎండని చూస్తే ఏడుపొచ్చింది.

ఇంట్లో దాచిన పేపరు ముక్క చూపించారు. జిల్లా పేజీలో నాలుగు లైన్లు: దివిసీమ జవాను మంచులో గల్లంతు. పడవ మునిగినా, వాగు దాటుతూ కొట్టుకుపోయినా మన పేపర్లలో అదే మాట. శవం దొరికేదాకా మనిషి చచ్చినట్టు కాదు, గల్లంతైనట్టు. అవనిగడ్డ బస్సెక్కి బావ వాళ్ళ ఊరు బయల్దేరాను. వాళ్ళమ్మకి ఏం చెప్పాలో దారిపొడుగునా నేర్చుకున్నాను. మంచి మాటలన్నీ పోగేసుకున్నాను. ముడి సంగతి మాత్రం ఛస్తే చెప్పకూడదనుకున్నాను.

తుఫాను కాలనీలో సిమెంటు ఇల్లు. ఆవిడ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ళు. ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "నువ్వన్నా చెప్పు బాబూ, కబురొచ్చిన కాణ్ణించి పొయ్యి ఎలిగించలా, కంటెమ్మట చుక్క రాలా. రాయైపోయింది" అంది.

నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. నా చేతి కట్లు చూసి వాటిని తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎంత లోతుంటది అల్లుడూ, ఆ మంచు?"

ఇంటి కప్పు వైపు చూపించాను. ఆవిడ తలెత్తి కప్పుని చూసింది.

"నీళ్ళలాగే ముంచేసుద్దా?"

"అవునత్తా."

నా చేతి కట్టుని వేలితో తడిమింది. తరవాత నెమ్మదిగా అంది, "వాణ్ణి కట్టారా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు తిరగలేదు. "కట్టారత్తా. అందర్నీ కట్టారు."

అంతే. ఆవిడ గొంతులోంచి వచ్చిన అరుపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "కట్టారా! నా బిడ్డని కట్టేశారా! ఎందుకు కట్టారయ్యా, వద్దని చెప్పలేకపోయావా!" అని తల గోడకేసి కొట్టుకుంటోంది. నలుగురాడవాళ్ళు పట్టుకున్నా ఆగట్లేదు. నెత్తురొస్తోంది. చెప్పకూడదనుకున్నదంతా బయటికొచ్చేసింది.

"ఇప్పుకున్నాడత్తా! వాడే ఇప్పేసుకున్నాడు!"

ఆవిడ ఆగిపోయింది.

"నువ్వు చూశావా?"

"చూశాను. గ్లవుజు తీసి మరీ ఇప్పుకున్నాడు. తాడు కొస నా దగ్గరికే వచ్చింది. ముడి లేదు."

"ఇప్పుకున్నాడా," అంది. "ఇప్పుకున్నాడా నా తండ్రి!" చుట్టూ ఉన్న వాళ్ళ ముఖాల్లోకి ఒక్కొక్కరి వంకా చూసింది. "ఇన్నారా? ఇప్పేసుకున్నాడంట. నా మాట మర్చిపోలా."

అత్తా, తాడుకున్నవాళ్ళమే బతికాం, అందర్లోకీ తాడు లేనివాడు వాడొక్కడే అని ఎలా చెప్పను? ఆ తల్లి ముఖం చూస్తూ ఏ నోటితో చెప్పను? వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది, వీపు నిమురుతూ.

"ఏడవమాక. అప్పుడూ అంతేగా. అందరూ పోయాడనే అన్నారు. నీళ్ళు తీసినాక గదా కంపలో దొరికింది." కొంగుతో నుదుటి నెత్తురు తుడుచుకుంది. "ఆ మంచు ఎప్పుడు కరుగుద్ది అల్లుడూ?"

"మే నెలాఖరుకత్తా."

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఇంకెంత, మూడు నెల్లేగా" అని, నాకు అన్నం వండడానికి లేచింది.