తీసినోళ్ళు పోయాల

"ఆ రోజుల్లో" అని నేను మొదలుపెడితే చాలు, మా ఆవిడ నవ్వుతుంది. "నీకేమన్నా అరవై ఏండ్లా?" అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది ఏడేళ్ళ కిందటి మాట. అయినా ఒక మనిషి పోయాక, ఆ మనిషి ఉన్న రోజులన్నీ ఒక్కసారిగా పాతకాలం అయిపోతాయి. అప్పుడు మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. నాయన పట్టుచీరలు నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, నాయనను కన్న మా అవ్వ పెరట్లో నీళ్ళ పొయ్యిని ఏలేది. ఏలేది అనే అనాలి. మాకంటే ముందే లేచి, రాగి అండా కింద వేరుశెనగ బుడ్డల పొట్టూ కంపపుల్లలూ పెట్టి రాజేసేది. మేం లేచేసరికి పెరడంతా పొగ, అండాలో కాగిన నీళ్ళు. ఆ రాజ్యంలో ఒకే ఒక్క చట్టం ఉండేది. వేడినీళ్ళు ఒక చెంబు ముంచుకున్నవాళ్ళు, పక్కనున్న తొట్టిలోంచి ఒక చెంబు చన్నీళ్ళు తీసి అండాలో పోయాలి. "తీసినోళ్ళు పోయాల" అనేది అవ్వ. మరిచిపోతే వీపు మీద తడిచేత్తో ఒకటి పడేది (తడిచేతి దెబ్బ ఎంత చురుక్కుమంటుందో తిన్నవాళ్ళకే తెలుసు).

నేను డిప్లొమా ముగించి ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. తెల్లవారుతూనే బస్సు, మెడలో ఐడీ కార్డు, మొహంలో దాన్ని మించిన వెలుగు. నాయన మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. మగ్గం ఎక్కాల్సిన కొడుకు బోల్టులు బిగించడానికి పోయాడని ఆయన బాధ. ఏం చెప్పాలన్నా అవ్వతోనే. నేను ఎదురుగా కూర్చుని సంగటి తింటుంటే, "వానికి ఇంకొంచెం పులుసు ఎయ్యమ్మా" అని అవ్వకు చెప్పేవాడు. నేనూ తక్కువ తినలేదు. "చాలని చెప్పవ్వా" అనేవాణ్ణి. మధ్యలో గరిటె పట్టుకుని అవ్వ ఇద్దరి మొహాలూ చూసేది. అలా ఐదు నెలలు గడిచాయి. నాయన నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు, ఇంకేమీ వద్దు అనిపించేది.

ఇంతలో చలికాలం వచ్చింది. చలికి మగ్గం గుంతలో నాయన మోకాళ్ళు పట్టేసేవి. బాగా కాగిన నీళ్ళు పోసుకుంటే గానీ కాలు ఆడేది కాదు. ఫ్యాక్టరీలో మాకు అప్పుడే వృథా గురించి పాఠాలు చెబుతున్నారు. కొత్తగా నేర్చుకున్నవాడికి లోకమంతా వృథాగానే కనిపిస్తుంది కదా, నా కన్ను అండా మీద పడింది. మొదట నీటి వేడి కొలుద్దామని జ్వరం చూసే థర్మామీటరు ముంచాను (అది అక్కడికక్కడే ప్రాణం విడిచింది). తర్వాత అండాకు సరిపడే మూత తెచ్చాను. పొయ్యికీ అండాకూ మధ్య సందుల్లో బంకమన్ను మెత్తాను. గాలి కొట్టేవైపు ఇటుకలు పేర్చాను. ఇవన్నీ మంచి పనులే, ఇప్పటికీ ఒప్పుకుంటాను. సగం పొట్టుతోనే నీళ్ళు కాగాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"కాగిన నీళ్ళల్లో చన్నీళ్ళు పోసేదేందవ్వా? అంతకన్నా వృథా ఉండాదా? ఇంక ఎవురూ పోయొద్దు. ఆఖర్న పోసుకున్నోళ్ళు అండా నింపితే చాలు" అన్నాను.

"అట్లయితే ఆఖర్న వచ్చినోళ్ళకు నీళ్ళు యాడుంటాయప్పా?"

"నిండు అండా కదవ్వా! మనిషికి ఇన్ని చెంబులని లెక్క ఏసినాలే."

లెక్క కరెక్టే. నీళ్ళు అంత కమ్మగా కాగితే ఎవరూ లెక్కప్రకారం ఆగరన్నదే నాకు తట్టలేదు. మర్నాడు నేను పోసుకున్నాను, నా తర్వాత నాయన. ఆయన ఒళ్ళంతా ఆవిర్లతో బయటికొచ్చి, తల తుడుచుకుంటూ నేరుగా నా వైపే చూశాడు. "నీళ్ళంటే ఇవప్పా! సదువుకున్నోని చెయ్యి పడితే ఇట్లుంటాది!" అన్నాడు. ఐదు నెలల తర్వాత నాతో ఆయన ఆడిన మొదటి మాట అది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ వల్లనేమో అన్నట్టు తుడుచుకున్నాను. పొయ్యి దగ్గర అవ్వ కూడా కళ్ళు తుడుచుకుంటోంది. ఆ రోజు బస్సులో ఇరవైమందికి ఆ అండా కథ చెప్పాను. ఫ్యాక్టరీ సలహాల పెట్టెలో కూడా ఒక చీటీ వేశాను (కార్ల తయారీకీ మా అండాకూ సంబంధమేమిటని ఎవరూ అడగకపోవడం వాళ్ళ పెద్దమనసు).

పదిహేను రోజులకు షిఫ్టు మారి, పొద్దున పూట ఇంట్లో ఉన్నాను. అమ్మ తర్వాత, అందరికంటే చివర అవ్వ స్నానానికి వెళ్ళింది. వేడినీళ్ళు పోసుకునేటప్పుడు అవ్వ తీరుబడిగా "రామా..." అనేది. రెండు చెంబుల మధ్య పక్కింటావిడ తప్పులు నాలుగు చెప్పేది. ఆ రోజు మాత్రం లోపల్నించి "రామరామరామరామ" అని ఒకటే పరుగు. పక్కింటావిడ ఊసే లేదు. నాకు అనుమానం వచ్చి అండా మూత తీసి చూశాను. అడుగున చుక్క వేడినీళ్ళు లేవు.

"చన్నీళ్ళు పోసుకుంటాండావా అవ్వా?" అన్నాను, చలికి పళ్ళు టకటకలాడిస్తూ బయటికొచ్చిన మనిషితో.

"ఎవురన్నారు? బెచ్చగా ఉండాయిలే."

చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. "ఎన్ని దినాల నుంచి?"

అవ్వ కొంగు కప్పుకుంది. "మీ నాయన నీతో మాట్లాడిన దినం నుంచి. గమ్మునుండు. ఆయప్పకు చెప్పొద్దు. మళ్ళా మూతి ముడుచుకుంటాడు."

నాకు ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున నాయన చూస్తుండగానే వేడినీళ్ళు ఒక చెంబు ముంచి, చన్నీళ్ళు ఒక చెంబు అండాలో పోశాను. "ఏమప్పా ఇంజినీరూ, మళ్ళా పోస్తాండావు?" అన్నాడు. "నా లెక్క తప్పింది నాయనా. అవ్వకు మిగల్లేదు" అన్నాను. నాయన అవ్వ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆయన మూతి ముడుచుకోలేదు. తన వంతు రాగానే ముంచిన ప్రతి చెంబుకూ ఒక చెంబు పోశాడు, ఇంకో రెండు ఎక్కువే పోశాడు. ఆ రోజు అందరికీ గోరువెచ్చని నీళ్ళే. లోపల్నించి అవ్వ మాత్రం పక్కింటావిణ్ణి తీరిగ్గా ఏకిపారేసింది.

ఇప్పుడు నేను హిందూపురంలో ఉంటున్నాను. మేడ మీద సోలార్ హీటరు, పైపులకు స్పాంజి తొడుగు, అన్నీ నేనే దగ్గరుండి చేయించాను. చలికాలంలో కూడా నీళ్ళు కాలిపోతుంటాయి. అవ్వ పోయి మూడేళ్ళయింది. ఆ పొగ వాసన నీళ్ళ కోసం ఈ వేడంతా ఇచ్చెయ్యమన్నా ఇచ్చేస్తాను. స్నానం ముగిసే వేళకు నా చెయ్యి దానంతట అదే చన్నీళ్ళ కొళాయి తిప్పి చెంబు నింపుతుంది. నింపాక, పోయడానికి అండా కోసం చూస్తాను. బయట మా ఆవిడ, "ఇంతసేపు ఏం చేస్తాండావు?" అని అరుస్తుంది. "వస్తాండా" అని, ఇంకెక్కడ పోయాలో తెలియక, ఆ చెంబు నా నెత్తిమీదే గుమ్మరించుకుని, "రామరామరామరామ" అంటాను.