సి డ్రైవులో దేవుని పటాలు

మా ఇంట్లో ఎవరూ పేక ముక్క ముట్టకూడదు. నేను కోడలిగా ప్రొద్దుటూరు వచ్చిన మొదటి వారంలోనే, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చూపించక ముందే, మా అత్త నాకీ సంగతి చెప్పింది. మా మామ వాళ్ల నాయన చాపాడు దగ్గరున్న చేనును ఒక్క శివరాత్రి జాగారంలో పేకాడి పోగొట్టాడట. తెల్లారి మామ వాళ్లమ్మ పిల్లలందరినీ దీపం ముందు నిలబెట్టి, ఈ ఇంటి వాళ్ల చెయ్యి ఇంకెప్పుడూ ముక్కను తాకదని ప్రమాణం చేయించింది. అప్పుడు మామకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు డెబ్భై దాటాయి. ఇప్పటికీ పెళ్లి విడిదిలో ఎవరైనా జంపకానా పరిచి ముక్కలు కలుపుతుంటే ఆయన మాట్లాడకుండా లేచి చెప్పులేసుకుంటాడు.

అలాంటి ఇంట్లో మా అత్త మూడేళ్లుగా రోజూ పదకొండు గంటలకు పేకాడుతోంది.

నేర్పింది నేనే, ఆ పాపం నాదే. ఆమెకు మౌసు పట్టుకోవడం అలవాటు కావాలని కంప్యూటర్లో ఒంటరిగా ఆడుకునే పేకాట తెరిచి ఇచ్చాను. ఎర్ర ముక్క మీద నల్ల ముక్క, నల్ల ముక్క మీద ఎర్ర ముక్క పేర్చుకుంటూ పోవడమే. మొదటిరోజు తెర మీద ఇస్పేటు రాణిని చూడగానే నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమ్మే, ఇది పేక గదా!"

"మానేద్దాంలే అత్తా," అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. మా అత్త అయిదో తరగతి దగ్గర చదువు ఆపేసింది కానీ, ఆపకపోయి ఉంటే కడప కోర్టులో ఆమె ముందు ఎవరూ నిలబడేవారు కాదు. "నేను ముక్కను ముట్టడంల్యా గదా," అంది చివరికి. "ఎలకను ముడ్తాండా. ముక్క అద్దం ఎనకాల ఉండాది." తీర్పు అయిపోయింది, ఆట మొదలైంది.

అయితే ఈ పాయింటు మామకు అర్థమవుతుందన్న నమ్మకం మా ఇద్దరికీ లేదు. అందుకని తెర మీద ఆ ఆట బొమ్మ కింద ఉన్న పేరు చెరిపేసి 'దేవుని పటాలు' అని తెలుగులో టైపు చేశాను. మామ అటుగా వస్తే అత్త కళ్లు సగం మూసుకుని పెదాలు కదిలించేది. నాకు నవ్వు ఆగక వంటింట్లోకి పరుగెత్తేదాన్ని.

దేవుడి దగ్గర మాత్రం ఆమె నిజం దాచలేదు. వెయ్యి ఆటలు గెలిచాక ఆపేస్తానని, టెంకాయ కొడతానని మొక్కుకుంది. గెలిచిన ప్రతిసారీ ఆట తనే మొత్తం ఎన్ని గెలిచారో చూపించేది. నేను చెప్పే సంగతి జరిగే నాటికి ఆ అంకె తొమ్మిది వందల తొంభై ఏడు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు మొరాయించింది. మీట నొక్కి, ఎసరు పెట్టి, బియ్యం కడిగి పోసి వచ్చినా ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉండేవి. నేను జమ్మలమడుగులో బడిపంతులమ్మను. పిల్లల మార్కులు ఇంటి దగ్గర ఎక్కించుకోవాలి. ఒక తరగతి మార్కులు ఎక్కించే లోపల పిల్లలు పై తరగతికి పోయేటట్టున్నారు. నాకు ఓర్పు తక్కువ. రెండుసార్లు దాని నెత్తిన మొట్టాను కూడా.

పులివెందుల్లో మా తమ్ముడికి కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. ఫోన్ చేశాను.

"ఫార్మాట్ కొట్టి మళ్లా కొత్తగా ఎక్కించాల్సిందే అక్కా. నాకు రావడానికి కుదర్దు. పెన్‌డ్రైవు పంపిస్తా, ఫోన్లో చెప్తాంటా, నువ్వే చెయ్యి. ఏం కాదు."

శనివారం ఆ పెన్‌డ్రైవును అగ్గిపెట్టెలో పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, ప్రొద్దుటూరు బస్సు కండక్టరు చేతికిచ్చాడు. మామ బస్టాండుకు పోయి తీసుకొచ్చాడు. కండక్టరు అగ్గిపెట్టెను చెవి దగ్గర ఆడించి, "కమ్మలా మామా, ముక్కుపుడకా?" అని అడిగాడట. "కంప్యూటరు ప్రాణమప్పా," అన్నాడట మామ. ఆ మాట ఇంటికొచ్చి మాకు మూడుసార్లు చెప్పాడు. ఆయన చేతిసంచిలో ఇంకేవో కూడా ఉన్నాయి కానీ నేను పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాం. మా ఆయన తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడు, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. కాబట్టి ఇంట్లో నేను, అత్త, మామ, ఫోన్లో మా తమ్ముడు.

"ఫార్మాట్ అంటే ఏందిమ్మే?" అని అత్త అడిగింది.

"ఇంటికి సున్నం కొట్టినట్టు అత్తా. లోపలుండే సామాన్లన్నీ వాకిట్లో పెట్టి, గోడలు గీకి, సున్నం కొట్టి, మళ్లా సర్దుకుంటాం."

అలా చెప్పి ఉండకూడదు. సున్నం కొట్టేటప్పుడు మా అత్త ఎలా ఉంటుందో నాకు తెలుసు. చీపురు పుల్లను కూడా లెక్కపెట్టి బయట పెట్టిస్తుంది. కొంగు దోపుకుని నా భుజం వెనక నిలబడింది. నా మార్కుల పట్టీలు, పెళ్లి ఫోటోలు, మామ పాసుపుస్తకం కాపీలు అన్నీ తుడవబోయే సి డ్రైవులోంచి, ముట్టుకోని డి డ్రైవులోకి మోయించింది. అన్నీ మోశాక గొంతు తగ్గించి, "అదీ..." అంది.

మామ అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. కిటికీ తెరిచే ఉంది.

"దేవుని పటాలు తీసినారా?" అని అక్కడి నుంచే కేకేశాడు. "సున్నం కొట్టేటప్పుడు ముందు తీయాల్సింది అయ్యే గదా!"

అత్త ముఖం చూడాలి. నేను పెదవి కొరుక్కుని, ఆ బొమ్మను మౌసుతో పట్టి డి డ్రైవులో పెట్టాను. "తీసినాం మామా, భద్రంగా ఉండాయి," అన్నాను. అత్త ఊపిరి పీల్చుకుంది. మానిటరు నుదుట కుంకుమ పెట్టి, పక్కకు జరిగింది.

తర్వాత అంతా తిరునాళ్లే. ఫోను స్పీకర్లో తమ్ముడు, "ఇప్పుడు నొక్కు, నొక్కు, నొక్కుతానే ఉండు!" అని అరుస్తున్నాడు. తెర నల్లబడింది, నీలమైంది, మళ్లీ నల్లబడింది. ఏ డ్రైవును తుడవాలో చూపించే చోటికి వచ్చాక ఆగిపోయాను. అక్కడ సి, డి అని రాసి లేదు, అంకెలు మాత్రమే ఉన్నాయి. తమ్ముడు ఏది ఎంత సైజో నాలుగుసార్లు చదివించుకుని, "ఆ, అదే, కొట్టు," అన్నాడు. కొట్టాను. మూడేళ్ల చెత్త కన్ను మూసి తెరిచేలోగా పోయింది. నాకు ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చి కుర్చీలో రెండుసార్లు ఎగిరాను.

శాతాలు పెరుగుతుంటే మామ లోపలికొచ్చి కుర్చీ వేసుకున్నాడు. ముప్పై, అరవై, తొంభై. వందకు చేరి, ఆరి, మళ్లీ వెలిగి, మొదటి నుంచి మొదలుపెట్టింది.

"పెన్‌డ్రైవు పీకినావా?" అని తమ్ముడు అడిగాడు.

"పీకమని నువ్వు యాడ చెప్పినావురా?"

"అది కూడా చెప్పల్నా అక్కా! అది ఉంటే మళ్లా మొదటికే పోతాది."

అక్కాతమ్ముళ్లం అయిదు నిమిషాలు పోట్లాడుకున్నాం. ఈలోగా మామే వంగి, పెన్‌డ్రైవును పన్ను పీకినట్టు పీకి మళ్లీ అగ్గిపెట్టెలో పెట్టేశాడు. ఈసారి తెర కొత్త పెళ్లికూతురిలా వెలుగుతూ లేచింది. మీట నొక్కి లేచేసరికి సిద్ధం. నేను, అత్త చేతులు పట్టుకుని గిర్రున తిరిగాం.

"ఇంగ సామాన్లు సర్దు," అంది అత్త. మార్కులు వచ్చాయి. ఫోటోలు వచ్చాయి. 'దేవుని పటాలు' కూడా వచ్చింది. నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కితే, వెతికినా దొరకలేదని ఒక చిన్న డబ్బా వచ్చింది.

బొమ్మ మూలలో చిన్న బాణం గుర్తు ఉంది. అప్పుడర్థమైంది. బడిలో పిల్లలకు ఈ బాణం గురించి చెప్పిన పంతులమ్మను నేనే. బాణం ఉంటే అది ఆట కాదు, ఆట ఉన్న చోటికి దారి మాత్రమే. నేను మోసింది దారిని. ఇల్లు సి డ్రైవులోనే ఉండిపోయింది, దాన్ని నా చేత్తో నేనే తుడిచాను. మూడేళ్ల పదకొండు గంటలన్నీ, తొమ్మిది వందల తొంభై ఏడూ, అన్నీ.

"అత్తా..." అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది.

అత్తకు అర్థమైంది. మామ ఎదురుగా కూర్చున్నాడు కాబట్టి ఏమనడానికీ లేదు, ఎవరి మీదా పడడానికీ లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "దేవుని పటాలు పోయినాయి," అని మాత్రం అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మామ కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"పటాలు పోతే పోయినాయి," అన్నాడు. "లెక్క యాడికి పోతాది? తొమ్మిది నూర్ల తొంభై ఏడు."

అత్త నోటి దగ్గరి కొంగు జారిపోయింది.

"నీకెట్ల తెల్సు?" అంది అత్త.

"నువ్వు తిరగమాతకు లేచిపోయినప్పుడంతా పోయి చూస్తానే ఉంటి. పేపర్లో ఏముంటాది, ఇదే బాగుండాది." ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "అయినా, 'ముందే వచ్చింటే నీ సొమ్మేం పోయిండె రాణీ' అని తిడ్తాంటివే, ఏ దేవున్ని తిట్టినావు అట్ల?"

"మరి ఎందుకు ఊరికుంటివి?"

"మా నాయన ఆడితే సేను పాయ. నువ్వు ఆడితే ఏం పోతాది, కరెంటు."

నేను నవ్వడం మొదలుపెట్టాను, ఆపలేకపోయాను. అరవై ఏళ్లకు పైగా పేక ఉన్న చోట నిలబడని మనిషి, మూడేళ్లు కిటికీ అవతల పేపరు అడ్డం పెట్టుకుని భార్య గెలుపులు లెక్కపెట్టుకున్నాడు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు కలిగిన ప్రేమ మా నాయన మీద కూడా ఎప్పుడూ కలగలేదు.

తమ్ముడు కొత్త ఆట ఎలా దించుకోవాలో చెప్పాడు. అత్త కళ్లు తుడుచుకుని కూర్చుంది. ముక్కల రంగులు వేరు, చప్పుడు వేరు, ఎలక అదే. రెండు ఆటలు ఓడి మూడోది గెలిచింది. తెర మీద టపాసులు పేలి, గెలిచినవి ఒకటి అని పడింది.

"తొమ్మిది నూర్ల తొంభై ఎనిమిది," అన్నాడు మామ.

ఇంకోటి గెలిచేసరికి పన్నెండయింది. అన్నం సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడోది గెలవగానే నేను కేక పెట్టాను. మామ లోపలికి పోయి, చేతిసంచిలోంచి టెంకాయ తెచ్చి, గడప ముందర ఒక్క దెబ్బకు కొట్టాడు.

"ఇది ఎప్పుడు తెచ్చినావు మామా?"

"నిన్న పెన్‌డ్రైవుకు పోయినప్పుడే. మూడే గదా తక్కువ. ఆమె దేవునితో గుసగుసగా చెప్పుకునింది వీధి చివరిదాకా ఇనపడ్తాది."

టెంకాయ ముక్కలు నములుతూ నాకు మొక్కు గుర్తొచ్చింది. "ఇంగ ఆపేయాల గదత్తా. వెయ్యి అయిపాయ."

అత్త తెర వైపు చూసింది. కొంత ఆలోచించింది. ఆ ఆలోచన నాకు తెలిసిందే.

"యాడైపాయ? సూడు, దీంట్లో మూడు గదా రాసిండేది."

మామ భుజాలు అదిరేటట్టు నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను చూడనే లేదు. నవ్వి నవ్వి, కుర్చీని అత్త పక్కకు లాక్కుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు.

"ఆ ఎర్ర తొమ్మిదిని నల్ల పది మీదికి తొయ్యి," అన్నాడు.

అత్త తల తిప్పి చూసింది. "ప్రమాణం?"

"నేను యాడ ముట్టుకున్యా?" అన్నాడు మామ, చేతులు ఇంకాస్త లోపలికి దోపుకుంటూ. "చెప్తాండా, అంతే."