పదహారు పాయింట్ రెండు

మస్కట్‌లో నేనొక మనిషి ప్రాణం కాపాడాను. డాక్టర్ లేడు, ఆసుపత్రి లేదు. నా చేతిలో ఒక షుగర్ మిషన్, పక్కన ఖర్జూరాల డబ్బా, అంతే. ఊళ్లో ఈ ముక్క చెబితే జనం నోళ్లు తెరుచుకుని వింటారు. ఆసుపత్రి లేదన్నది కొంచెం సాగదీసిందే. ఊళ్లోనే, బౌషర్ అనే పేటలో పెద్దదే ఉంది.

2015 ప్రాంతంలో హమ్రియాలో ఒక రూమ్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. నా పక్క మంచం జగిత్యాల వైపు తాపీమేస్త్రీది. వాడికి షుగర్. ఇంటి నుంచి తెచ్చుకున్న మిషన్ పాడైతే అక్కడి మందుల షాపులో కొత్తది కొన్నాడు. ఆ శుక్రవారం సెలవు. పొద్దుటి నుంచీ వాడు నీళ్లు తాగుతూనే ఉన్నాడు, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. మా ఆవిడకు పదేళ్లు షుగర్ చూసిన చెయ్యి నాది. పదేళ్లు కాదులెండి, సెలవుకు వెళ్లిన మూడుసార్లు. వాడి వేలికి సూది గుచ్చి చుక్క పెట్టాను. 16.2 అని వచ్చింది.

డెబ్బైకి తగ్గితేనే మనిషి పడిపోతాడని మా ఊరి డాక్టర్ చెప్పాడు. మరి పదహారంటే? దాహం షుగర్ పెరిగినవాళ్లకు వేస్తుందని నాకు తెలుసు. ఆ అంకె చూశాక తెలిసిందంతా ఎగిరిపోయింది.

"ఎంతున్నది కాకా?"

"మాట్లాడకు. నోరు తెరువు."

ఖర్జూరాలు, చక్కెర నీళ్లు, ఎవరో దాచుకున్న హల్వా. గంటకు మళ్లీ చూస్తే ఇరవై ఒకటి. పెరుగుతోందని అందరికీ చూపించి, ఇంకో గ్లాసు కలిపాను. ఇరవై ఏడుకు చేరేసరికి వాడు వాంతి చేసుకుని, పిలిస్తే పలకడం మానేశాడు.

కింది అంతస్తులో గోదావరి జిల్లా నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. అక్కడ చర్చి కూడా శుక్రవారమే. అప్పుడే అక్కడి నుంచి వచ్చింది, పిలవగానే బైబిలుతోనే పైకి పరుగెత్తింది. మిషన్ చూసి, గ్లాసు చూసి, నన్ను చూసింది.

"ఏం పెట్టారు బాబాయ్ గారూ?"

"షుగర్ పడిపోయిందమ్మా, ఎక్కిస్తున్నా."

"ఇక్కడి మిషన్ లెక్క వేరండి. మన లెక్కకి పద్దెనిమిదితో గుణించాలి. ఇప్పుడు ఈయనకి నాలుగొందల ఎనభై పైనే ఉంది. టాక్సీ పిలవండి."

టాక్సీలో పదహారును గుణించుకున్నాను. మొదట్లోనే దాదాపు మూడు వందలు. నోరు తెరవమన్నది నేను. నన్ను నమ్మి తెరిచాడు వాడు.

ఆసుపత్రిలో సెలైన్లు, ఇన్సులిన్. మూడోరోజుకు లేచి కూర్చున్నాడు. చూడబోయిన నేను వాడి పక్క మంచం పేషెంటుకి, టైముకు మోసుకొచ్చి వీణ్ణి బతికించానని చెబుతున్నాను.

"ఆగు కాకా," అన్నాడు వాడు. "బతికిచ్చింది ఆ అక్క. నువ్వు సంపుతుంటివి."