కంపెనీ తాళంలో నాయన చిలకలు

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో, గడి గడికీ చూసుకుంటూ చుక్కలు పెట్టేవాడు. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. అట్టలన్నీ వరసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, నేసేవాళ్ళు కాలితో తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట తిరుగుతుంది, చీరలో చిలక ముక్కు ఒక పోగంత పెరుగుతుంది. ఉంది, లేదు, ఈ రెండే మాటలు. కంప్యూటరుకు తెలిసినవి కూడా ఈ రెండే. అందుకే నాకు కంప్యూటరు పాఠం బడికి పోకముందే మొదలైందని కాలేజీలో గొప్పలు చెప్పుకుంటాను.

కాలేజీ అంటే పెనుకొండలో ఒక డిగ్రీ కాలేజీ. అక్కడ నేను కంప్యూటర్ లెక్చరర్‌ని. రోజూ పొద్దున ధర్మవరంలో రైలెక్కుతాను, సాయంత్రం తిరిగొస్తాను. లైసెన్సులు కొనే స్తోమత మా కాలేజీకి లేదు కాబట్టి ల్యాబులో అన్నీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. దాని గుట్టు ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు, ఎవరి దయా అక్కర్లేదు అని ఏటా పిల్లలకు బల్ల గుద్ది చెబుతాను. చెప్పడం వరకు నేను గట్టిదాన్నే. ఇంట్లో మాత్రం గడ్డి కరిచాను.

జరిగింది ఇది. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు మా ఊళ్ళో కల్యాణమంటపం తీసుకుని డిజైనర్లందరినీ పిలిచారు. ఉప్మా పెట్టారు, జీడిపప్పు దండిగా వేసి. డిజైన్లన్నీ వాళ్ళ సాఫ్ట్‌వేర్లో పెట్టుకుంటే ఎక్కడినుంచైనా ఫోనులో తెరిచి చూసుకోవచ్చు, కాగితాలు చెదలు పడతాయన్న భయం ఉండదు, అంతా ఉచితం అన్నారు. నాయనకు మొదటినుంచీ అనుమానమే.

"ఊరికే ఏంటికి ఇస్తారు పాపా? మనమేమన్నా వాండ్లకు చుట్టాలమా?"

"కాలం మారింది నాయనా. నువ్వింకా ఆ పెన్సిలు ముక్కనే పట్టుకోనుండావు."

నా చదువు మీద నాయనకున్న నమ్మకం అలాంటిది, కాగితాల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో ఆయన జీవితమంతా గీసిన కాగితాలు ఒక్కొక్కటే స్కాన్ చేసి కంపెనీవాళ్ళ దాంట్లోకి ఎక్కించి, అక్కడ భద్రంగా ఉన్నాయి కదా అని నా దగ్గరివి చెరిపేశాను. మొదట్లోనే ఏదో పెద్ద షరతుల పేజీ వచ్చింది. చదవకుండా అంగీకరిస్తున్నాను అని నొక్కాను. పిల్లలకు చదవకుండా నొక్కొద్దని చెప్పేదాన్ని నేనే.

ఇక కాగితాల సంగతి. మా అమ్మ ముందరి గదిలో చీరలు అమ్ముతుంది. జరీకి జరీ రాసుకుని నల్లబడకుండా మడతల మధ్య కాగితం పెట్టడం మా ఊళ్ళో అలవాటు. నాయన గ్రాఫు కాగితాలు మందంగా, నున్నగా ఉంటాయి. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కినాయి, ఇంక వీటితో పనిలేదు అని నేను అన్న మాట అమ్మ చెవిన పడింది. పెన్సిలు మరక పట్టుకు అంటకుండా గీసిన వైపు లోపలికి మడిచి, ఎంతో శ్రద్ధగా ఒక్కో చీరలో ఒక్కోటి పెట్టేసింది. చీరలు బెంగళూరు, చెన్నై, ఇంకా ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. నాకు తెలిసేసరికి పెట్టె అడుగు కనబడుతోంది. నాయనే తేలిగ్గా తీసుకున్నాడు. "పోనీలే, పెండ్లికూతుర్ల బీరువాల్లో ఉంటాయి" అని నవ్వాడు.

రెండేళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున తెరిస్తే డిజైన్లు లేవు, తాళం బొమ్మ ఒకటి ఉంది. ఎక్కడో రెండు దేశాలు తుపాకులతో చాలదన్నట్టు కంప్యూటర్లతో కూడా కొట్టుకుంటున్నాయట. ఒక దేశం వదిలిన వైరస్ ఊరూరూ తిరిగి ఈ కంపెనీ మిషన్లలోకి చొరబడి, ఉన్నదంతా తాళం వేసేసిందట. వేరే కాపీ కంపెనీవాళ్ళు పెట్టుకోలేదట. ఇవన్నీ చాలా అందమైన ఇంగ్లీషులో, విచారిస్తున్నామంటూ రాశారు.

నేను చదివి తెలుగులో చెబితే నాయన కాసేపు నమ్మలేదు. "నా చిలకల కోసం ఇంకో దేశమోడు యుద్ధం చేసినాడా? చెప్పుంటే నేనే ఇచ్చేటోడ్ని కదా!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. కంపెనీకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని ఒక పూటంతా నొక్కించి, చివరికి ఒక తియ్యటి గొంతు పలికింది. డిజైన్లు పోతే మాకు బాధ్యత లేదని షరతుల్లో ఉంది మేడమ్, మీరే అంగీకరించారు అంది. ఆ గొంతు మీద ఒంటికాలి మీద లేచాను. ఆమె ఓపిగ్గా విని, మా సేవకు మీరిచ్చే రేటింగ్ ఎంత అని అడిగింది.

నాయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పెన్సిళ్ళ డబ్బా తీసి అటక మీద పెట్టేశాడు. అప్పటికే ఆయన కుడిచెయ్యి కొంచెం వణుకుతోంది. పాతవి ఉన్నాయి కదా, అవి చూసి ఏవో మార్పులు చేసుకుంటూ పోతాను అనుకునేవాడు. ఇప్పుడు ఆ పాతవీ లేవు. ఎవరైనా డిజైన్ అడగవస్తే "నేను మానుకున్యానప్పా" అని పంపేస్తున్నాడు. ఆయన బతుకంతా చేసిన పనిని నా చేతులతో నేనే పోగొట్టానన్న బాధ నన్ను తినేసింది. రైల్లో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి, ఎదుటి సీటువాళ్ళు కంట్లో ఏదో పడిందనుకునేట్టు నటిస్తూ.

ఒక సాయంత్రం స్టేషన్ నుంచి నడిచి వస్తూ, తలుపు తీసి ఉన్న ఒక ఇంట్లో మగ్గం చూశాను. పైన అట్టలు వేలాడుతున్నాయి. రోజూ చూసేవే. ఆ రోజు మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. కాగితం పోతే పోయింది, కంపెనీ పోతే పోయింది, డిజైన్ ఆ రంధ్రాల్లో ఉంది కదా!

మా ఊళ్ళో అట్టలు ఒకచోట నిలవవు. బావమరిది అడిగాడనో, మగ్గం ఖాళీగా ఉందనో ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పోతూనే ఉంటాయి. పోయినచోట ఎవరో ఒకరు వాటిని చూసి ఇంకో జత కొట్టుకుంటారు. ఇది నాయనకు మహా మంట. దొంగల్ని పట్టుకోవడానికని ప్రతి డిజైన్లో ఎవరికీ కనబడనిచోట కావాలనే ఒక చుక్క తప్పుగా పెట్టేవాడు. దాన్ని దొంగచుక్క అనేవాడు. ఇంతకాలం ఆయన తిట్టిన ఆ దొంగలే ఇప్పుడు నాకు దేవుళ్ళలా కనబడ్డారు.

అట్టను ఫోటో తీస్తే రంధ్రాలు చదివి గ్రాఫుగా మార్చే ప్రోగ్రాం కావాలి. వెతికితే దొరికింది. ఎక్కడో మంచు దేశంలో ఎవరో, పాత మగ్గాల మీద ఇష్టంతో రాసి, ఎవరికైనా సరే తీసుకోమని బయట పెట్టారు. ముక్కూమొహం తెలియని ఆ మనిషికి రైల్లోంచే దండం పెట్టాను.

మొదటి ఆదివారం వీధి చివరి ఇంట్లో అట్టలు ఫోటో తీసి తెచ్చి నాయన ముందర ప్రోగ్రాం నడిపాను. చిలకకు కొమ్ములు మొలిచాయి. తోకలో నక్షత్రాలు పుట్టాయి. ఎంత జుట్టు పీక్కున్నా కారణం అంతుబట్టలేదు. నాయన అట్టలు చేతిలోకి తీసుకుని చూసి కనిపెట్టాడు. చినిగిన అట్టలకు మావాళ్ళు పాత పెళ్ళిపత్రికల ముక్కలు అతికిస్తారు. పత్రిక మీది బంగారు అక్షరాలు ఫోటోలో తళుక్కుమని మెరిస్తే, ప్రోగ్రాం వాటినీ రంధ్రాలనుకుంది. ఎవరి పెళ్ళి ముహూర్తమో చిలక నెత్తిన కొమ్మై కూర్చుంది. నాయన కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. తాళం పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు.

వెనకనుంచి లైటు పెట్టి ఫోటో తీసే పద్ధతి నేర్చుకున్నాను. మెరుపును వదిలేసేలా ప్రోగ్రామును సరిచేసి, ఆ సవరణ మంచు దేశానికి పంపాను. ధన్యవాదాలు చెబుతూ, మగ్గంలో పెళ్ళిపత్రికలు ఏం చేస్తున్నాయండీ అని జవాబు వచ్చింది. మూడు పేజీలు రాసి పంపాను.

ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగాం. కాపీ కొట్టినవాళ్ళంతా మొదట తలుపు వెనక దాక్కున్నారు, విషయం తెలిశాక కాఫీలిచ్చి అట్టలు దించారు. నాయన ప్రతిచోటా దొంగచుక్క వెతికి చూపించి మరీ కాఫీ తాగాడు. దాదాపు అన్నీ దొరికాయి. దొరకనిది ఒక్కటే, ఆయనకు ప్రాణమైనది. జంటచిలకల కొంగు. దాన్ని గీయడానికే ఆయనకు ఏడాది పట్టింది. దాన్ని నేసిన ఇంటివాళ్ళు మగ్గం తీసేసి, అట్టలు పాతసామాన్లవాడికి వేసేశారు. నాయన ఆ మాట విని ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దొరికినవన్నీ ఆ ఒక్కదాని ముందు ఆయనకు లెక్కలోకి రాలేదు.

ఇంకొక్కచోట ఉంటుందని మా ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. హిందూపురంలో ఒకాయన ఉన్నాడు. వయసులో ఉండగా మా ఇంట్లోనే రెండేళ్ళు నాయన దగ్గర డిజైన్ నేర్చుకుని వెళ్ళాడు. తర్వాత ఒక పెళ్ళిలో నాయన, అందరూ చూస్తుండగా, పెళ్ళికూతురి జంటచిలకల కొంగు మీదికి వంగి చుక్కలు లెక్కపెట్టాడు. దొంగచుక్క దొరికింది. ఆ చీర హిందూపురంలో ఈయన నేయించింది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ రోజునుంచి ఆయనతో నాయనకు మాటల్లేవు.

చివరికి అమ్మే తెగించింది. "కోపం కావల్నా, కొంగు కావల్నా? తేల్చుకో."

ఆ ఆదివారం పొద్దున రైలెక్కాం. నాయన గంజిపెట్టిన చొక్కా వేసుకుని, మొహం కూడా అలాగే పెట్టుకున్నాడు. పెనుకొండ రాగానే లేచి నిలబడ్డాడు.

"నీ కాలేజీ ఎట్లుంటాదో చూద్దాం పా, ఈడ దిగుదాం."

"ఈ రోజు సెలవు నాయనా, కూచో."

హిందూపురం ఆయన మమ్మల్ని చూసి గడపలోనే బిగుసుకుపోయాడు. ఒక్క క్షణం తర్వాత కండువా తీసి కుర్చీ తుడిచాడు. "రాన్నా, కూచో. వదినా, రాండి." నాయన కూచోలేదు. నేనే విషయమంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన విని లోపలికి వెళ్ళి ఒక మూట తెచ్చాడు. జంటచిలకల అట్టలు, ఒక్కటి కూడా చినగకుండా, వరస తప్పకుండా ఉన్నాయి. ఎంత ఇమ్మంటారని అడగబోయాను.

"దుడ్ల మాట ఎత్తద్దు తల్లీ. ఇది అన్నదే."

ఫోటోలు తీసి ప్రోగ్రాం నడిపాను. ల్యాప్‌టాప్ మీద ఒక్కో వరసా పేరుకుంటూ చిలకలు లేచాయి. నాయన అప్పుడు కూర్చున్నాడు, కళ్ళజోడు తుడుచుకుని, తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా. దొంగచుక్క ఉంది. వేలు పెట్టి చూపించాడు, గెలిచినవాడిలా.

"ఇది తప్పని నీకు తెలీదు. తెల్సుంటే తీసేసుంటావు."

"మొదటి చీరకే తెలిసిందన్నా" అన్నాడాయన. "తీసేది నిముషం పని. నీ గుర్తు కదా అని ఉంచినా. నా దగ్గర నేర్చుకున్యోళ్ళకు కూడా చెప్పినా, ఆ చుక్క మాత్రం ముట్టొద్దు, అది మా గురువుదని."

నాయన తెర మీది వేలు వెనక్కి తీసుకున్నాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ తెరవైపు వంగాడు.

"చిలక కన్ను నేను పెట్టింది కాదే ఇది."

హిందూపురం ఆయన నేలచూపులు చూశాడు. "నీ కన్ను కొంచెం నిద్రపోతాన్నట్లుండె అన్నా. ఒక గడి జరిపినా."

నాయన ముక్కు మీది కోపం మాకు తెలుసు. చిలక కన్నును చూశాడు, హిందూపురం ఆయన్ను చూశాడు, మళ్ళీ కన్నును చూశాడు. "బాగుండాది" అన్నాడు మెల్లగా. "నాకు తోచలేదప్పా." తర్వాత వణుకుతున్న తన చెయ్యి చూపించి, ఇంకా గీయాల్సినవి తలలో ఉన్నాయని, గీత నిలవడం లేదని చెప్పాడు. ఆ మాట ఆయన మాతో ఎప్పుడూ అనలేదు. "నువ్వు చెప్పన్నా, నేను గీస్తా. ఆదివారాలు నేనే వస్తా" అన్నాడు హిందూపురం ఆయన. నాకు ఏడుపు ఆగలేదు, ఈసారి నటించే పని కూడా పెట్టుకోలేదు.

మంచు దేశం మనిషి ప్రోగ్రాం పెట్టిన చోటే డిజైన్లు దాచుకునే వీలుంది. ఎవరికైనా కనబడతాయి, ఎవరైనా తీసుకోవచ్చు, కాపీలు వెయ్యి ఇళ్ళలో ఉంటాయి కాబట్టి ఏ తాళమూ అన్నిటినీ మూయలేదు. పెట్టమంటావా నాయనా అని భయం భయంగానే అడిగాను. కాపీ అన్న మాట వింటేనే ఒంటికి కారం పూసుకున్నట్టు ఎగిరిన మనిషి ఆయన.

"పెట్టు" అన్నాడు.

ఇందులో షరతుల పేజీ సగం పేజీయే ఉంది. ఈసారి పైకి చదివి, తెలుగులో చెప్పి, అందరూ సరే అన్నాకే నొక్కాను. తర్వాత ఒక గడి వచ్చింది. ఇది గీసినవారి పేరు రాయండి అని ఉంది. నాయన పేరు కొట్టబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇద్దరి పేర్లూ రాయి పాపా."

హిందూపురం ఆయన వద్దు వద్దంటూ లేచి నిలబడ్డాడు, కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. నాయన ఆయన్ను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టాడు.

"కన్ను నీదే కదప్పా, కూచో" అని, నావైపు తిరిగి గట్టిగా అన్నాడు. "ముందు మాత్రం నాదే రాయి."

ముందు నాయనదే రాశాను.