తాడ్వాయి దాటని లారీ

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందటి యాసంగిలో, కామారెడ్డిలోని ఒక లారీల సర్వీస్ కేంద్రంలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా ఉన్నాను. షెడ్డులో మెకానిక్‌ల పైన ఫోర్‌మన్, ఆయన పైన నేను, నా పైన మేనేజరు. బండి షెడ్డుకు రాలేనప్పుడు మేమే దాని దగ్గరికి వెళ్లడాన్ని ఫీల్డ్ కాల్ అంటాం. వడ్ల కొనుగోళ్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ఎల్లారెడ్డి నుంచి అలాంటి కాల్ ఒకటి వచ్చింది.

బండి నర్సింలుది. యజమానీ తనే, డ్రైవరూ తనే. దుబాయ్‌లో ఏళ్ల తరబడి ట్రెయిలర్ నడిపి, తిరిగొచ్చి పాత లారీ కొనుక్కున్నాడు. దాని ఇంజన్ అరిగిపోతే, ప్రమాదంలో నుజ్జయిన మరో లారీ నుంచి తీసిన ఇంజన్ వేయించాడు. ఇంజన్ మారిన బండికి రవాణా శాఖలో కొత్త ఇంజన్ నంబరు నమోదైతేనే మా కంపెనీ చేయి పెట్టనిచ్చేది. నర్సింలు ఆ పని ముందే చేయించుకున్నాడు గనుక మేనేజరు నన్ను పంపాడు.

ఫిర్యాదు కొంచెం వింతగా ఉంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ చక్కగా పలుకుతుంది. ఎల్లారెడ్డిలో వడ్లు ఎత్తుకుని కామారెడ్డి వైపు బయల్దేరితే లింగంపేట దాకా బాగానే వస్తుంది. తాడ్వాయి చేరేసరికి మిస్సింగ్ మొదలవుతుంది, అంటే ఒక సిలిండర్ పని మానేసి మిగతావాటి మీద భారం వేస్తుంది. చల్లారనిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఇంకోసారి దారిలో ఆగితే ఈ సీజనుకు నీ బండి వద్దని, మిల్లుకు వడ్లు తోలించే కాంట్రాక్టరు తేల్చి చెప్పాడట.

"ఈ సీజన్ పోతే బండి అమ్మి మళ్ల దుబాయ్ పోవుడే సార్," అన్నాడు నర్సింలు. "నా బిడ్డకు నేను బాపునని ఎరుకైతున్నదే గిప్పుడిప్పుడు."

ఆ మాట విన్నాక దాన్ని మామూలు కాల్‌గా చూడడం నా వల్ల కాలేదు.

మా వైపు మెకానిక్‌లలో ఒక మర్యాద ఉంది. ఒకరు బిగించిన ఇంజన్‌ను ఆ మనిషి ఎదురుగా లేకుండా ఇంకొకరు విప్పరు. విప్పితే లోపం ఎవరిదో తేలక తగువులవుతాయి. ఈ ఇంజన్ బిగించింది కామారెడ్డిలో సొంత షెడ్డు నడిపే జబ్బార్ భాయ్. కబురు పెడితే చేతిలో పని వదిలేసి బస్సెక్కి వచ్చాడు. కంపెనీ మనుషులంటే బయటి మెకానిక్‌లకు కొంచెం మంట ఉంటుంది, మాకూ వాళ్లంటే కొంచెం చిన్నచూపు ఉంటుంది. ఆయన ముఖంలో మాత్రం అదేమీ లేదు. "విప్పుండ్రి సార్, నేను చూస్త" అని పక్కన నిలబడ్డాడు.

వేడి మీద వచ్చే రోగాన్ని వేడి మీదే వెతకాలి. మిస్సింగ్ మొదలయ్యేదాకా లోడుతో తిప్పి, బండిని ఎల్లారెడ్డికి తెచ్చాం. ఇంజన్ నడుస్తుండగానే, సిలిండర్లకు డీజిల్ తెచ్చే పైపుల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేశాను. పనిచేసే సిలిండర్ దగ్గర అలా చేస్తే ఇంజన్ మోత మారుతుంది. చివరి సిలిండర్ దగ్గర మారలేదు. దాని ఇంజెక్టర్‌ను, అంటే డీజిల్ చిమ్మే భాగాన్ని, మొదటి సిలిండర్‌దానితో మార్చి చూశాం. మిస్సింగ్ అక్కడే ఉంది కాబట్టి ఇంజెక్టర్ తప్పేమీ లేదు. గేజి పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం, కొలిస్తే ఆ ఒక్క సిలిండర్‌లోనే తక్కువ వచ్చింది. చల్లారాక కొలిస్తే సరిగ్గా ఉంది. పిస్టన్ రింగులు అరిగి ఉంటే చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ సతాయించాలి. వేడికి మాత్రమే గాలి వదిలేస్తోందంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట.

వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సన్నని సందు ఒకటి ఉంటుంది. దాన్ని టాపెట్ గ్యాప్ అంటారు. వేడికి లోహం సాగుతుంది గనుక ఆ సందు వదలాలి. ఎంత వదలాలో ఇంజన్ పైభాగాన్ని కప్పే మూత మీద, టాపెట్ కవర్ మీద, చిన్న పలకలో చెక్కి ఉంటుంది. సన్నని ఉక్కు రేకులతో కొలిచి చూశాను. జబ్బార్ భాయ్ పెట్టిన గ్యాప్‌కూ పలక మీదున్న కొలతకూ వెంట్రుకవాసి తేడా లేదు. అంత శుద్ధమైన పనికి వంక పెట్టలేం. ఇక వాల్వు కూర్చునే సీటే చెడి ఉండాలనుకున్నాను. అదే నిజమైతే వాల్వులుండే పైభాగాన్ని, హెడ్డును, విప్పి దించాలి, బండిని కామారెడ్డి షెడ్డుకు లాక్కెళ్లాలి, ఈలోగా సీజన్ గడిచిపోతుంది. ఆ సంగతే నర్సింలుకు చెప్పాను. అతను లారీ మెట్టు మీద కూలబడ్డాడు.

తప్పు ఇంజన్‌దేనని కంపెనీ ఇంజనీరునైన నేనే తేల్చాను. జబ్బార్ భాయ్ నోరు మెదపకపోయినా ఆయన పేరుకు వచ్చే నష్టమేమీ లేదు. ఆయన మూతను చేతిలోకి తీసుకుని, దాని మీద దసరాకు పెట్టిన పసుపు బొట్ల మరకలను కాసేపు చూశాడు.

"ఆగుండ్రి సార్. గీ మూత గీ ఇంజన్‌ది కాదు, పాత ఇంజన్‌ది. నేనే ఏసిన."

ఇంజన్ మార్పించుకునేటప్పుడు మా లారీవాళ్లు పాత ఇంజన్‌లోని ఏదో ఒక భాగాన్ని కొత్తదానికి వేయమంటారు. ఇన్నాళ్లు అన్నం పెట్టిన ఇంజన్ బర్కత్, అంటే దాని కలిసొచ్చే గుణం, బండిని విడిచిపోకూడదని వాళ్ల కోరిక. హిందువులూ అడుగుతారు, ముస్లింలూ అడుగుతారు. పనికి అడ్డం రాదు కదా అని మెకానిక్‌లు ఎక్కువగా మూతనే మారుస్తారు. చూడడానికి రెండూ ఒకటే, బోల్టులూ సరిపోతాయి. దాని మీది పలకలో ఉన్నది పాత ఇంజన్ కొలతన్న సంగతి మా ఎవరికీ తట్టలేదు.

నర్సింలు లేచి దగ్గరికొచ్చాడు. "మూత ఏయమన్నది నేనే గద భాయ్."

"నువ్వు మూత ఏయమన్నవ్. గ్యాప్ పెట్టింది నేను. తప్పు నాది," అన్నాడు జబ్బార్ భాయ్.

ఇంజన్ బ్లాకు మీది నంబరును షెడ్డుకు ఫోన్‌లో చెప్పి అసలు కొలత కనుక్కున్నాను. ఇదీ మా కంపెనీ ఇంజనే, కానీ తర్వాత వచ్చిన రకం. దీని ఎగ్జాస్ట్ వాల్వులకు, అంటే పొగను బయటికి పంపే వాల్వులకు, ఇంకాస్త ఎక్కువ గ్యాప్ కావాలి. అది చాలక, వేడికి సాగిన వాల్వు కొద్దిగా తెరుచుకునే ఉండిపోతోంది. ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపుకు దూరంగా, అన్నిటికంటే ఎక్కువగా కాగే చివరి సిలిండర్ ముందుగా మొరాయించింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపి ఉంటే వాల్వు కాలిపోయేది.

గ్యాప్ మళ్లీ పెట్టే పనిని జబ్బార్ భాయ్‌కే వదిలాను. తన తప్పును అప్పుడే మా ఎదుట ఒప్పుకున్న మనిషి, ఒక్కో వాల్వు దగ్గరా రేకు పెట్టి కొలుస్తూ ఓపిగ్గా సరిచేశాడు. నాకు ముచ్చటేసింది. పనయ్యాక మూత మీది పలకను ఉలితో ఊడదీసి, మూతను మాత్రం మళ్లీ అదే ఇంజన్ మీద బిగించాడు.

లోడుతో బయల్దేరాం. నర్సింలు నడుపుతున్నాడు, మేమిద్దరం పక్కన కూర్చున్నాం. లింగంపేట దాటాం. తాడ్వాయి వచ్చింది, వెనక్కి పోయింది, ఇంజన్ మోత మారలేదు. మిల్లు గేటు ముందు బండి ఆపి, నర్సింలు జబ్బార్ భాయ్‌ను గట్టిగా కావలించుకున్నాడు.

మర్నాడు జబ్బార్ భాయ్ నాకు ఫోన్ చేశాడు.

"సార్, గాంధారిల ఒకటి, మాచారెడ్డిల ఒకటి, నస్రుల్లాబాద్‌ల ఒకటి, గిట్లనే పాత మూతలేసిన బండ్లున్నయ్. ఇంజన్ నంబర్లు చెప్త, గ్యాప్‌లు చెప్పుండ్రి. పిలిపిస్తున్న."

వాళ్లెవరైనా ఫిర్యాదు చేశారా అని అడిగాను.

"ఎవ్వలు చెయ్యలే సార్. చేసేదాంక ఆగుతే వాల్వులుంటయా?"

మారిన ఇంజన్ దగ్గరికి వెళ్తే, ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడగాలన్నది ఆ కాల్‌లో నేర్చుకున్న పని. ఇప్పటికీ ఎవరైనా మంచి మెకానిక్ పేరు చెప్పమంటే జబ్బార్ భాయ్ పేరే చెబుతాను. ఎందుకని అడిగితే, బాగానే నడుస్తున్న బండిని వెనక్కి పిలిచి, తప్పు తనదేనని చెప్పిన మెకానిక్‌ను నా సర్వీసు మొత్తంలో ఆయననొక్కడినే చూశానని చెబుతాను.