ఊరు పోయే ముందు వేసిన సున్నం

“తలుపు ముట్టకే అమ్మా! కెమెరా సారు మన ఊరిని సినిమా తీస్తుండు. పెద్ద పెద్దోళ్లు చూస్తరు. ఇగ ఊరు ఆగుతది.”

“ఏందిరా ఆగేది? పెద్దోళ్లు చూడకనే ఈడ గని తవ్వుతున్నరా?”

నా చిన్నప్పుడు, మణుగూరు దిక్కున అడవి అంచున ఉన్న మా ఇంట్లో చిన్నాయనకూ నాయనమ్మకూ పడిన గొడవ ఇది. బొగ్గు గని కోసం మర్నాటికల్లా ఊరు ఖాళీ చేయాలన్నారు గనివాళ్లు. టేకు తలుపైనా ఊడదీసి బండిలో వేసుకుందామని నాయనమ్మ పట్టుబట్టింది. పక్కిల్లు చిన్నాయనది. తన తలుపు కదపనంటే కదపనన్నాడు.

కెమెరా సారు నెల రోజులుగా మా ఊళ్లోనే ఉన్నాడు. తెల్లారి మేం ఇప్పపువ్వు ఏరుతుంటే సినిమా తీసేవాడు. మధ్యాహ్నం మా ముఖాలూ వాకిళ్లూ కాగితం మీద గీసేవాడు. సినిమాలో ఇళ్లు ముచ్చటగా కనబడితే కూల్చడానికి ఎవరికీ చేతులు రావని వీధి వీధంతా సున్నాలు వేసుకుంది. మా నాయనమ్మ మాత్రం, కూలిపోయే గోడకు సున్నం దండగంది.

ఆ గొడవలోనే సారు వచ్చాడు. నాయనమ్మ సూటిగా అడిగింది.

“సారూ, నీ సినిమా చూస్తే మిషన్లు ఆగుతయా?”

ఆయన కెమెరా దించాడు. “ఆగవమ్మా. సినిమా బయటికొచ్చేసరికి ఊరు ఉండదు.”

“మరి నెల దినాల సంది మా ఇంట్ల అంబలి ఎందుకు తాగినవ్?” అన్నాడు చిన్నాయన.

సారు కెమెరా పక్కన పెట్టి, మా తలుపు ఊడదీసి ఒక కొస భుజానికెత్తుకున్నాడు. చిన్నాయన ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఆ తలుపుకు సరిపడే ఇల్లు మాకు మళ్లీ కుదరలేదు. ఇప్పుడు దాన్ని ఇటుకల మీద పరిచి మిరపకాయలు ఎండబోస్తున్నాను. ఎవరైనా కష్టంలో వచ్చి అడిగితే, అంతా సర్దుకుంటుందని నేను చెప్పను. జరగబోయేది చెప్పి, మోయాల్సినదానికి ఒక కొస పట్టుకుంటాను. ఇంట్లోవాళ్లు నాది రాతిగుండె అంటారు. అననీ. ఆ నెలంతా బయటినుంచి వచ్చినవాళ్లలో మాతో నిజం పలికింది ఆయనొక్కడే.

గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే మిషన్లు వచ్చాయి. మొదట చిన్నాయన ఇల్లు కూల్చారు. గోడకు వేసిన సున్నం ఇంకా తడి ఆరలేదు. తలుపుకు తాళం వేసే ఉంది. సారు అదంతా కెమెరాతో తీశాడు. చిన్నాయన తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, ఆయన పక్కనే నిలబడ్డాడు.